సోనేపూర్ దీపం మేడకు వెల్ల

బరంపురం గేట్ బజార్‌లో మాది రంగుల కొట్టు. తాతగారి రోజుల్లో అది ఒట్టి సున్నం కొట్టు. నాన్నగారి కాలంలో సున్నమూ రంగులూ రెండూ ఉండేవి. నా చేతికి వచ్చాక సున్నం పోయి రంగులే మిగిలాయి. ఆ మార్పు చేసింది నేనే. చేసినప్పుడు గొప్ప తెలివైన పని చేశాననుకున్నాను కూడా.

నాన్నగారు కొట్లో కూర్చున్న రోజుల్లో, ఏటా వానలు వెనకబట్టాక, సోనేపూర్ నుంచి ఒకావిడ బస్సెక్కి వచ్చేది. వెంట ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, చేతుల్లో ఖాళీ గోనె సంచులు. జాలరి కుటుంబం. నాన్నగారు ఆవిణ్ణి చూడగానే ఉన్న బేరం పక్కన పెట్టి, "మేడ ఎలాగుందప్పా?" అని అడిగేవారు, ఇంట్లో మనిషి గురించి అడిగినట్టు. "బాగుంది బాబూ, నీ సున్నం కోసం ఎదురు సూస్తంది" అనేదావిడ. అప్పుడు నాన్నగారే లేచి వెళ్ళి, వెనక పెరట్లో గుంటలో నాన్చి ఉంచిన గుల్ల సున్నం తీసి సంచులకు ఎత్తించేవారు. నేను కూడా ఆవిణ్ణి చిన్నప్పటి నుంచీ అప్ప అనే పిలిచేవాణ్ణి, మా వైపు అక్కను పిలిచే పిలుపు.

ఆ మేడ ఏమిటో నాకు పెద్దగా తెలియదు. సోనేపూర్‌లో బాహుదా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఒక పాత దీపస్తంభం ఉందనీ, మా నాన్నగారు పుట్టక ముందే దాంట్లో దీపం వెలిగించడం మానేశారనీ, ఊళ్ళోవాళ్ళు దాన్ని దీపం మేడ అంటారనీ విన్నాను. స్కూటర్ మీద గంట దారి. అయినా నలభై ఏళ్ళు దాటేదాకా ఒక్కసారి కూడా వెళ్ళలేదు. నాకు సముద్రమంటే భయం. అది ఒక కారణం. అసలు వెళ్ళాలని తోచకపోవడం రెండో కారణం.

నాన్నగారు పోయాక కొట్టు సర్దాను. సున్నం దుమ్ముకి నాకు దగ్గు వచ్చేది. కొనేవాళ్ళూ తగ్గిపోయారు. పెరట్లో గుంట పూడ్పించి, దాని మీద డబ్బాలు పెట్టుకోవడానికి రేకుల గది వేయించాను. ఆ ఏడు వానలు తగ్గాక అప్ప వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. కొట్టంతా ఒకసారి కలయజూసి, "గుల్ల సున్నం ఏదీ బాబూ?" అంది.

"ఇప్పుడెవరు వాడతన్నారప్పా? మానేసినాను. దీన్ని సూడు" అని ఒక పెద్ద డబ్బా తెచ్చి ముందు పెట్టాను. "వానకి కారదు, ఎండకి రాలదు. ఒక్కసారి ఏసేస్తే అయిదేళ్ళు నీకు మల్లీ ఈ బస్సు తిప్పలుండవు."

ఆవిడ డబ్బా మీద చెయ్యి వేసి మూత చుట్టూ తడిమి చూసింది. "మీ నాయిన ఇలాటివి ఇచ్చీవోడు కాదు" అంది.

"నాయిన రోజుల్లో ఇవి ఉంటేగా! నువ్వు తీసుకెల్లు. నా తరపున మేడకి ఇస్తన్నాననుకో."

నాన్నగారి మీద గౌరవమో, నా మాట మీద నమ్మకమో, తీసుకెళ్ళింది. మేడ పాదంలో ఇటుకలు కొన్ని బయటపడ్డాయని చెబితే, రెండు బస్తాల సిమెంటు కూడా ఆటోలో వేయించి పంపాను. దానధర్మం చేసినవాడిలా ఆ రోజు చాలా తృప్తిగా ఇంటికి వెళ్ళి భోజనం చేశాను.

రెండు వానాకాలాలు గడిచాయి. ఒకరోజు పొద్దున్న, కొట్టు తీసి దీపం పెడుతుంటే అప్ప వచ్చింది. ఈసారి ఒక్కతే. గోనె సంచులు లేవు. కొంగులో కట్టుకొచ్చినదాన్ని విప్పి బల్ల మీద పెట్టింది. అరచేతి మందాన గోడపెళ్ళ. ఒకవైపు నేనిచ్చిన రంగు తళతళలాడుతోంది. రెండోవైపు ఇటుక పొడి, తెల్లటి ఉప్పు.

"ఇది నీ రంగు బాబూ. సూడు. దీంతో పాటు మా మేడ కూడా ఊడొచ్చేస్తంది."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేను కూడా ఏదో వాదించేవాణ్ణి. బల్ల మీద రాలిన పొడిని చేత్తో జాగ్రత్తగా దగ్గరికి తీస్తోంది, అది కూడా మేడలో భాగమే అన్నట్టు. నాకు సిగ్గేసింది. కొట్టు మా తమ్ముడికి అప్పజెప్పి, ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని స్కూటర్ మీద బయల్దేరాను.

మొగలి పొదలు, సరుగుడు తోట దాటాక మేడ కనిపించింది. మూడంతస్తుల ఎత్తుంటుంది. కింద లావుగా, పైకి పోనుపోను సన్నగా, గుండ్రంగా కట్టారు. పైన దీపం ఉండే గది ఖాళీ. దాని చుట్టూ తుప్పు పట్టిన ఇనుప కంచె. రంగు పొక్కులు పొక్కులుగా లేచి ఉంది. ఒక పొక్కును వేలితో నొక్కితే చిట్లి, లోపల నుంచి తడి ఇసుక జారింది. పాదం దగ్గర నా సిమెంటు గట్టిగానే ఉంది కానీ, దాని పైనున్న పాత ఇటుకలు తడిసిన బెల్లం అచ్చుల్లా కరిగిపోతున్నాయి.

"ఏం చేద్దామప్పా?" అన్నాను.

"నాకేటి తెలుసు? సున్నం కొట్టు నీది" అందావిడ.

నిజానికి సున్నం గురించి నాకేమీ తెలియదు. నాన్నగారికి తెలుసు, నేను నేర్చుకోలేదు. ఆయన మాటల్లో ఒకటే గుర్తొచ్చింది. మా గుల్ల సున్నం చిలికా సరస్సు పక్కనున్న రంభ అనే ఊరి నుంచి వచ్చేది. రెండు రోజులాగి, ఆ గోడపెళ్ళ కాగితంలో చుట్టుకుని పాసింజరు బండిలో రంభ వెళ్ళాను. చిలికా ఒడ్డున ఒకప్పుడు గుల్లలు కాల్చి సున్నం చేసిన వాళ్ళెవరైనా ఉన్నారా అని బజార్లో అడిగితే, ఒక సైకిల్ కొట్టు చూపించారు. దాని ముందు బల్ల మీద ఒక ఒడియా ముసలాయన కూర్చుని ఉన్నాడు. కొట్టు ఆయన కొడుకుది. బట్టీ ఆరిపోయి చాలా ఏళ్ళయిందట. నేను ఆయన్ని మవుసా అని పిలిచాను, ఒడియాలో చిన్నాన్న వరసగా పెద్దవాళ్ళను పిలిచే పిలుపు.

మవుసా ఆ పెళ్ళను రెండు ముక్కలు చేసి, ఇటుక వైపు నాలుకతో తాకించి చూసి, పక్కకి ఉమ్మేశాడు.

"ఉప్పు" అన్నాడు ఒడియాలో. "సముద్రం పక్కన గోడ నీళ్ళు తాగుతూనే ఉంటుంది. తాగింది తాగినట్టు బయటికి వదిలేయాలి. సున్నమైతే వదలనిస్తుంది. నువ్వు మీద మూత పెట్టేశావు. తడీ ఉప్పూ లోపలే ఉండిపోయి ఇటుకను తినేశాయి. ఈ రంగు ఎవరిచ్చారు?"

"నేనే."

ఆయన నా మొహం చూసి నవ్వాడు. ఎగతాళి చేసే నవ్వు కాదది. "తప్పు చేసినవాడు స్వయంగా ముక్క పట్టుకుని రావడం ఇదే మొదలు" అన్నాడు. తర్వాత మాది బరంపురం సున్నం కొట్టని తెలిసి మా నాన్నగారి గురించి అడిగాడు. తన బట్టీలో సున్నం కొన్నవాళ్ళలో అక్కడికక్కడే సంచి విప్పి సున్నం వాసన చూసే బరంపురం కోమటి ఒక్కడే ఉండేవాడట. "ఆయన కొడుకువా!" అని లోపలికి పిలిచి టీ ఇప్పించాడు. మేడ బాగుచేయడానికి వస్తానని మాటిచ్చాడు. నాకు తెలియకుండానే నాన్నగారు నా పని సగం చేసి పెట్టి వెళ్ళారని ఆ రోజు అనిపించింది.

మేడ ప్రభుత్వానిది. అనుమతి లేకుండా చెయ్యి వేయకూడదు. అర్జీ పెట్టుకున్నాం. కొన్నాళ్ళకు ఒక యువతి, ఇంజనీరు, వచ్చింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని పైదాకా ఎక్కి, దిగి, "సిమెంటు చెంచాడు కూడా వాడకండి. ప్రతి దశలోనూ ఫొటోలు తీసి నాకు పంపండి. లోపల ఒకేసారి ఇద్దరికి మించి ఎక్కకండి" అంది. ఈ మూడు మాటలూ రాసి సంతకం పెట్టి ఇచ్చింది. తర్వాత తన సెలవు రోజుల్లో కూడా రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది.

చలికాలంలో పని మొదలుపెట్టాం. మవుసా అప్ప ఇంట్లోనే బస చేశాడు. ఆయనకు తెలుగు రెండు ముక్కలొచ్చు. అప్పకు ఒడియా ధారాళంగా వచ్చు. ఇద్దరూ వంట గురించి పోట్లాడుకునేవారు. నేను వారానికి మూడు రోజులు వెళ్ళేవాణ్ణి. ఊళ్ళో ఆడవాళ్ళు ఒడ్డున గుల్లలు ఏరి తెచ్చారు. మవుసా ఊరి చివర చిన్న బట్టీ పేర్చి వాటిని కాల్చాడు. కాలిన గుల్లలను గుంటలో వేసి నీళ్ళు పోస్తే బుసబుసమంటూ ఉడికాయి. నేను తొందరపడి కర్రతో కలపబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ధీరే, ధీరే" అన్నాడు, మెల్లగా అని. ఆ మాట ఆ చలికాలమంతా విన్నాను.

సున్నం గుంటలో మగ్గుతుండగా మేము నా రంగు గీకాం. ఇనప సామాను వద్దన్నాడు మవుసా. చెక్క పేళ్ళతోనే గీకాలి. నా సిమెంటుకు మాత్రం ఉలి ఒప్పుకున్నాడు. దాన్ని కొంచెం కొంచెంగా తీయడానికే పది రోజులు పట్టింది. ఆ తర్వాత గోడలోని ఉప్పు లాగడానికి మంచినీళ్ళతో తడపడం, ఆరనివ్వడం, బయటికొచ్చిన ఉప్పును పొడి కుంచెతో దులపడం, మళ్ళీ తడపడం. ఊరి బోరు నుంచి ఆడవాళ్ళు బిందెలతో మోశారు. మగవాళ్ళు మొదట్లో దగ్గరికి రాలేదు. "పోన్లోనే దారి కనపడతంది, ఇప్పుడీ మేడెందుకు?" అనేవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ.

నేను మాంసం, చేప తిననని అప్పకు తెలుసు. నేను వెళ్ళిన ప్రతిరోజూ ఒక కొత్త కుండలో నా కోసం విడిగా చోడి అంబలి, అంటే రాగి జావ, కాచి ఉంచేది. మేడను పాడుచేసినవాడికి ఇంత మర్యాద ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు కరక్కాయలు దంచుతూ అడిగేశాను. సున్నంలో కలపడానికి కరక్కాయ నీళ్ళూ, బెల్లం నీళ్ళూ కావాలి. ఆ దంచే పని మా ఇద్దరిదీ.

"అప్పా, నా మీద కోపం రాలేదా నీకు?"

"ఒచ్చినాది. రాకేటి? రెండు దినాలు కూడు తిన్నేదు" అంది రోకలి ఆపకుండా. "గానీ నువ్వు ఆ పెళ్ళని ఇసిరి పారెయ్యలేదు కదా. స్కూటరెక్కమన్నావు."

తర్వాత తనే చెప్పింది. పెళ్ళయిన కొత్తలో, ఒక మధ్యాహ్నం సముద్రం మీద ఉన్నట్టుండి మబ్బు కమ్మేసిందట. ఆవిడ భర్త, ఇంకో ముగ్గురు తెప్ప మీద ఉన్నారు. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక దిబ్బలు ఏటికేడు చోటు మారుతుంటాయి. సరైన సందు దొరక్కపోతే అల విరిగే చోట తెప్ప తిరగబడుతుంది. ఒడ్డంతా ఒకటే బూడిద రంగు. చెట్లేవో ఇళ్ళేవో తెలియలేదు. రెండు వాన తెరల మధ్య ఒక్క క్షణం మేడ తెల్లగా కనిపించిందట. దాన్ని బట్టి సందు పట్టుకుని లోపలికొచ్చారు.

"ఆ తెలుపే మావోణ్ణి ఇంటికి తెచ్చినాది. ఆ మరుసటి వారమే మీ నాయిన కొట్టుకి ఒచ్చినాను. మావోడు తరవాత ముప్పై ఏళ్ళు బతికినాడు, మంచం మీద, నా సేతుల్లో పోయినాడు. అందికే ఏటా వెల్ల ఏత్తాను. దీపం లేకపోతే ఏటి, తెల్లగుండాల గదా!"

నేను కరక్కాయల మీద నుంచి తల ఎత్తలేకపోయాను. ముప్పై ఏళ్ళ పైబడి ఆవిడ మా కొట్టు నుంచి మోసుకెళ్ళింది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి చెప్పాలి. గీకుతూ గీకుతూ ఉత్తరం వైపుకి వచ్చాం. అక్కడ నా రంగు కింద పాత వెల్ల పొరలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. మవుసా ఒక పెచ్చు అంచు శుభ్రం చేసి ఎండలో పట్టుకున్నాడు. పొర మీద పొర, పాత పుస్తకం అంచులా సన్నటి గీతలు. అప్ప దగ్గరికొచ్చి చూసింది. వేలితో తడుముతూ, తెల్ల పొరల మధ్య ఒక లేత నీలం గీత దగ్గర ఆగి, ఒక్కసారిగా ఫక్కున నవ్వింది.

"ఓలమ్మా! ఇదిగో బాబూ, మీ నాయిన గొప్ప! ఆ యేడు ఏటి ఆలోసిస్తన్నాడో ఏటో, నీలిమందు ఎక్కువ కలిపీసినాడు. మేడంతా ఆకాశం రంగు అయిపోనాది. పడవలోల్లకి మేడేదో మబ్బేదో తెల్దు. ఒకటే తిట్లు! తరవాత మీ నాయినే ఒచ్చి, పంచె ఎగ్గట్టి, మాతో పాటు మల్లీ తెల్లగా ఏసినాడు."

మా నాన్నగారు పంచె ఎగ్గట్టి కుంచె పట్టిన సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ఏ తప్పూ చేయరని నేను అనుకుంటూ పెరిగాను. ఆయన పోయాక కొట్లో కూర్చున్న ప్రతిరోజూ ఆయనతో పోల్చుకుని తగ్గిపోతూ ఉండేవాణ్ణి. ఆ నీలం గీత చూశాక నా గుండె మీది బరువేదో దిగిపోయింది. పెచ్చు చేతిలో పట్టుకుని సరుగుడు చెట్ల వెనక్కి వెళ్ళి ఏడ్చాను. అప్ప చూసింది. తిరిగొచ్చాక, "రా తమ్ముడా, కరక్కాయలు మిగిలిపోనాయి" అంది. అంతకు ముందెప్పుడూ నన్ను తమ్ముడా అనలేదు.

నదిలో పైనెక్కడో మంచినీటి ఇసుక తెప్పించి, మగ్గిన సున్నంలో కలిపి గచ్చు పూత మొదలుపెట్టాం. సున్నం పూత త్వరగా ఎండకూడదు. నెమ్మదిగా, తడిగా గట్టిపడాలి. సగం పని అయ్యేసరికి కాలం కాని కాలంలో ఒక సాయంత్రం ఆకాశం నల్లబడింది. గాలి లేచింది. పచ్చి పూత మీద వాన పడితే మొత్తం కొట్టుకుపోతుంది. మవుసా పరంజా కింద నిలబడి పైకి చూస్తున్నాడు. మా దగ్గర ఉన్నవి నాలుగు గోనె పట్టాలు.

ఒడ్డు మీద నుంచి మగవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ముందు అప్ప కొడుకు, వెనక మేడెందుకన్న వాళ్ళే. పడవల మీది టార్పాలిన్లు, పాత తెరచాపలు, వలలు, ఏది దొరికితే అది తెచ్చారు. తాళ్ళు విసిరి కట్టడం వాళ్ళకు చెప్పాలా? చూస్తుండగానే మేడకు కింద నుంచి పై దాకా పట్టాలు చుట్టి, వాటి మీద వలలు బిగించేశారు. వాన గంటసేపు దంచింది. అందరం మేడ లోపల మెట్ల కింద ఇరుక్కుని నిలబడ్డాం. ఇద్దరికి మించకూడదన్న ఇంజనీరమ్మ మాట గుర్తొచ్చి నేను అంటే, "ఎక్కితే కదా! మనం కిందే ఉన్నాం" అన్నాడు అప్ప కొడుకు. అందరూ నవ్వారు. తెల్లారి పట్టాలు విప్పితే, పూత ఒక్క అరచేతంత మేర మాత్రమే జారింది. మవుసా దాన్ని తడిమి చూసి, చేతులెత్తి ఆ జాలర్లందరికీ దండం పెట్టాడు.

మొదటి వెల్ల అప్ప చేతే వేయించాం. అయిదు పలచటి పూతలు. మొదటి రెండూ వేసినప్పుడు ఏమీ కనిపించలేదు. మూడోది ఆరాక తెలుపు తేలింది.

ఇప్పుడు మా పెరట్లో రేకుల గది లేదు. దాని చోట మళ్ళీ గుంట తవ్వించాను. గుల్ల సున్నం అడిగి కొనేవాళ్ళు తక్కువే, అయినా ఉంచుతాను. మవుసాకు చూపు పూర్తిగా తగ్గింది. ఏటా గుంట తెరిచేముందు ఒక ముద్ద అరటాకులో చుట్టుకుని రంభ తీసుకెళ్తాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, చాలాసేపు ఆలోచించి, "హెలా" అంటాడు, అయింది అని. ఆ మాట వచ్చేదాకా ఆ సున్నం మేడకు వెళ్ళదు. ఒక ఏడు అనలేదు. ఇంకో రెండు నెలలు ఆగాను.

ఆదివారాల్లో బరంపురం నుంచి జనం మేడ చూడ్డానికి వస్తున్నారు. ఊళ్ళో ఇద్దరు ఆడవాళ్ళు తలుపు తీసి ఇద్దరిద్దరినే పైకి పంపుతారు. గోడల మీద పేర్లు గీకేవాళ్ళు ఉంటారు. వాళ్ళ చేతే కుంచె పట్టించి ఆ గీతల మీద వెల్ల వేయిస్తుంది అప్ప. గొణుక్కుంటూ మొదలుపెట్టి, తర్వాత ఇంకో చోట వేయమంటారా అని అడిగినవాళ్ళను నేనే చూశాను.

నిరుడు వెల్ల పూర్తయిన మర్నాడు పొద్దున్న అప్ప కొడుకు నన్ను పడవెక్కమన్నాడు. వద్దన్నాను. "ఇన్నేళ్ళుగా సున్నం ఏస్తన్నావు మావా, ఎవల కోసమేస్తన్నావో అక్కడ్నించి సూడాల గదా?" అన్నాడు. నన్ను తమ్ముడా అన్న మనిషి కొడుకు కాబట్టి నేను వాడికి మేనమామను. మేనల్లుడి మాట కాదనలేక ఎక్కాను.

అలలు దాటేలోపే కడుపులో ఉన్నదంతా వచ్చేసింది. పడవ అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. చాలాసేపటికి వాడు ఇంజన్ ఆపి, భుజం తట్టి, "ఇప్పుడు సూడు" అన్నాడు.

ఒడ్డు మీద పొద్దుటి మంచు ఇంకా విడలేదు. తోట లేదు, ఊరు లేదు, ఇసుక లేదు. ఒక బూడిద రంగు చార మాత్రం ఉంది. దాని మీద మేడ ఒక్కటే నిలబడి ఉంది, తెల్లగా. వాడు చుక్కాని కొద్దికొద్దిగా తిప్పుతూ మేడను పడవ ముక్కుకు కుడిపక్కన నిలిపి, అలాగే లోపలికి తీసుకెళ్ళాడు. రెండు వైపులా అలలు విరుగుతున్నాయి. మేము వెళ్ళే దారిలో నీళ్ళు నిండుగా, నునుపుగా ఉన్నాయి. నా భయం ఎప్పుడు పోయిందో తెలియదు. చేతులు జోడించి ఉన్నాయని పడవ ఇసుక తాకాకే గమనించాను.

అప్ప మోకాళ్ళలోతు నీళ్ళలోకి ఎదురొచ్చి, నా చెయ్యి పట్టుకుని దింపింది.

"అగుపడిందా తమ్ముడా?"

"అగుపడిందప్పా."

"మరింకేటి! పద, అంబలి సల్లారిపోతంది" అంది.